రెండు స్తంభాల మధ్య

ఆగస్టు 4

బల్గేరియా పడమటి కొసన కొమ్ శిఖరం, పొద్దున ఆరున్నర. గాలికి నా మిల్లు స్నేహితురాలు దాంకా టోపీ ఎగిరి సరిహద్దు అవతల సెర్బియాలో పడింది. పోతే పోయిందిలే అని దిగడం మొదలుపెట్టాం. ఇక్కణ్ణుంచి సముద్రం ఒడ్డున ఎమినె దాకా కొండ గట్టు మీదే నడక. బట్టల మిల్లులో ఉండగా రెండుసార్లు నడిచాను, యాభై ఎనిమిదో ఏట ఇది మూడోసారి. దాంకాకి ఇదే మొదలు. నాకంటే ఆరేళ్ళు చిన్నది, అయినా ఎక్కుడు వస్తే దాని మొహం బీట్‌రూట్ అయిపోతుంది.

నాకు అసలు పని సముద్రంతో కాదు, దారి మధ్యలో ఉన్న వెత్రెన్ సత్రంతో. అక్కడి కాపరి రూస్కో అన్న డెబ్భై రెండేళ్ళొచ్చి దిగిపోతున్నాడు. అక్టోబరు నుంచి సత్రం నాకివ్వడానికి పర్వత సంఘం వాళ్ళు ఒప్పుకున్నారు. గుండెకి, మోకాళ్ళకి డాక్టరు కాగితాలు ఇచ్చేశాను. ఇక రూస్కో నన్ను చూసి, సరే ఈవిడ పనికొస్తుంది అని ఉత్తరం రాసివ్వాలి. అంతే.

స్లివెన్‌లో ఇల్లు ఉండగా ఆ కొండ మీద ఏముందని అందరూ అడుగుతారు. ఊళ్ళో గురువారం గురువారం పెన్షనర్ల సంఘం ఉంది. ఇరవై మంది ఒకేసారి మాట్లాడతారు. అందరూ నవ్వుతారు, చివర్లో నేనూ నవ్వుతాను. సత్రంలో అలా కాదు. మనిషి వస్తాడు, బల్లకి అవతల కూర్చుంటాడు, నా మొహంలోకి చూసి ఏం కావాలో చెబుతాడు. నాకు అలాంటి చోటు కావాలి. చచ్చేదాకా ఉండేంత ఇష్టంగా కావాలి.

ఆగస్టు 6

దాంకాతో ఒకటే చిరాకు. మాటని నమిలి మింగేస్తుంది. ముందు నడుస్తూ ఏదైనా చెప్పాలంటే ఆగి, మొత్తం వెనక్కి తిరిగి, అప్పుడు చెబుతుంది. ఒక్కోసారి నడక ఆపకుండానే వెనక్కి తిరిగి నడుస్తుంది, అదీ రాళ్ళ దారిలో.

"ఒసేయ్, ఆ వెనక నడకేమిటే? పడి చస్తావు" అన్నాను.

"మొహం చూడకుండా మాట్లాడితే నాకు తోచదక్కా."

"నీ తోచడం తగలెయ్య. ముందు చూసి నడువు."

మిల్లులో మాకు ఈ గొడవే లేదు. మరమగ్గాల మోతలో ఎవరు అరిచినా దండగ, అందుకని పెదవులతోనే కబుర్లు. ఆరు మగ్గాల అవతల ఉన్నది ఏమందో చూసి చెప్పేసేదాన్ని. ఫోర్‌మన్ మా వెనకాలే నిలబడి ఉండగా వాడి పెళ్ళాం సంగతి చెప్పుకుని పడీ పడీ నవ్వేవాళ్ళం, వాడికి ముక్క తెలిసేది కాదు. ఇరవై తొమ్మిదేళ్ళు అలా చేశాను. దాంకా మగ్గాల దగ్గర చేయలేదు, పై అంతస్తులో బట్ట పరిచి ముడులు తీసే గదిలో చేసింది. అక్కడ సూది పడినా వినిపించేంత నిశ్శబ్దం. అందుకే దానికి నోరు తిప్పి మాట్లాడటం రాలేదు.

ఆగస్టు 7

ఈ ఏడు పిట్టలు లేవు. తెల్లవారుతుంటే టెంటులో గంటసేపు మేలుకుని పడుకున్నాను, ఒక్క కూత లేదు. కీచురాళ్ళు కూడా లేవు. మందులు కొట్టి కొట్టి అన్నిటినీ చంపేశారు వెధవలు.

దాంకాతో అంటే, "అవునక్కా, బాగా తగ్గిపోయాయి" అంది.

ఆగస్టు 9

ముప్పై ఒక్క కిలోమీటర్లు. ఎడమ మడమ మీద రెండు బొబ్బలు. ఉప్పునీళ్ళు, పడక.

ఆగస్టు 11

పాడు రోజు. గొర్రెల మంద పక్కనుంచి పోతున్నాం. నేను ముందు, దాంకా ఒంటికి వెళ్ళి వెనకపడింది. ఉన్నట్టుండి ఎవరో నా సంచి పట్టుకుని గుంజారు. చూస్తే దాంకా, దాని వెనక మూడు కాపలా కుక్కలు, ఒక్కొక్కటి దూడంత. ఎప్పుడొచ్చాయో వచ్చాయి. గొర్రెల కాపరి కర్ర ఊపుకుంటూ పరుగెత్తుకొచ్చాడు.

"ఏమ్మా, కొండ దద్దరిల్లేలా మొరుగుతున్నాయి, ఒక్కసారి వెనక్కి చూడవేం? చెవుడా ఏంటి?" అన్నాడు.

"నీ కుక్కల్ని కట్టేసుకో, ఆ తర్వాత నా చెవుల సంగతి చూద్దువు గాని" అన్నాను. వాడి నోరు పడిపోను.

ఏదో ఆలోచనలో ఉన్నాను, అంతే. సత్రం వంటగదిలో పొయ్యి ఏ మూల మారిస్తే బాగుంటుందా అని. ఆలోచనలో ఉంటే ఎవరికైనా అంతే.

సాయంత్రం దాకా దాంకా నా వెనకే నడిచింది. ఒక్క మాటా మాట్లాడలేదు. అలిగినట్టుంది.

ఆగస్టు 13

ఫోను పాడైంది. మోగడం లేదు. మా అక్క కొడుకు నాలుగుసార్లు చేశాడట. ఊళ్ళోకి వెళ్ళాక మార్చాలి.

మధ్యాహ్నం ఊట దగ్గర కూర్చుని సత్రం గురించి చెప్పుకున్నాం. చిక్కుడుగింజల చారు రోజూ ఉండాలి, శనివారం శనివారం జున్ను పెట్టి కాల్చే బానిత్స చేయాలి, ఎదర గదికి కొత్త కర్టెన్లు కుట్టాలి, అవి దాంకా కుట్టిస్తానంది. అన్నీ బాగానే విని చివర్లో, "మరి గంటో?" అంది.

పొగమంచు కమ్మినప్పుడు కాపరి బయట గంట కొట్టాలి. కొట్టి, ఆగి, వినాలి. గట్టు మీద ఎవరైనా దారి తప్పి పిలుస్తుంటే లాంతరు పట్టుకుని ఎదురెళ్ళాలి. వెత్రెన్‌లో అది ఎప్పటినుంచో ఉన్న పద్ధతి.

"కొట్టడానికి నా చేతులకేం రోగం? ఇరవై తొమ్మిదేళ్ళు మగ్గం నడిపిన చేతులివి" అన్నాను.

దాంకా జోడు తాళ్ళు కట్టుకుంటూ ఏదో అంది. గాలి ఎక్కువగా ఉంది.

ఆగస్టు 15

మేరీమాత పండుగ. రాతి గుడిసెలో బస. రొట్టె, ద్రాక్షపళ్ళు, దాంకా సంచిలో దాచి తెచ్చిన చిన్న సీసాలోంచి చెరో గుక్క రకియా. ఎదురుగా వచ్చిన ప్లెవెన్ కుర్రాళ్ళు రేపు గట్టు మీద మబ్బు దిగుతుందన్నారు. దిగితే దిగనీ. గట్టు పొడుగునా ఇనప స్తంభాలు పాతి ఉన్నాయి, ఒకదాన్ని పట్టుకుని ఇంకోదానికి పోవడమే. రేపు సాయంత్రానికి వెత్రెన్.

దాంకా మళ్ళీ మళ్ళీ ఆకాశం చూస్తోంది. పిరికి గొడ్డు.

ఆగస్టు 16

వెత్రెన్ చేరాం. దారిలో కాస్త పొగమంచు. దాంకా కాలు మడత పడింది, రూస్కో అన్న కట్టు కట్టాడు. గంట విన్నాం. ఆయన నన్ను చూసి సంతోషించాడు. చారు బాగుంది.

రాయాల్సింది ఇంకేం లేదు.

ఆగస్టు 17

నిన్న రాసింది అబద్ధం. నా డైరీ, నేనే చదువుకుంటాను, ఇందులో అబద్ధం రాసి ఎవరికి టోపీ పెడదామనుకున్నానో తెలియదు. వసారాలో కూర్చున్నాను. ఎండ కాస్తోంది. దాంకా లోపల నిద్రపోతోంది. జరిగింది జరిగినట్టు రాస్తాను.

గుడిసె నుంచి ఆరింటికి బయలుదేరాం. తొమ్మిదింటికి గట్టు మీదకి ఎక్కేసరికి మబ్బు దిగింది. పది అడుగుల అవతల ఏమీ కనపడదు. స్తంభాల మధ్య దూరం యాభై అడుగుల పైనే. ఇలాంటప్పుడు ఇద్దరుంటే ఒకటే పద్ధతి. ఒకరు స్తంభం దగ్గర నిలబడి ఆగకుండా పిలుస్తూ ఉండాలి. రెండోవాళ్ళు ముందుకెళ్ళి తర్వాతి స్తంభం వెతకాలి. దొరికితే ఈల వేస్తే మొదటివాళ్ళు వచ్చేస్తారు. దొరకకపోతే ఆ పిలుపు పట్టుకుని వెనక్కి రావాలి. ఉత్తరం వైపు కొండ తెగ్గోసినట్టు ఉంటుంది, అందుకని స్తంభాన్ని వదిలి ఊరికే తిరగకూడదు. పిల్లలకి కూడా తెలిసిన సంగతి.

"ముందు నేను వెళ్తానక్కా, నువ్వు స్తంభం దగ్గర ఉండు" అంది దాంకా.

"ఈ దారి రెండుసార్లు నడిచింది నువ్వా నేనా?"

అది సంచిలోంచి టెంటు తాళ్ళు రెండూ తీసి ముడి వేయడం మొదలుపెట్టింది. "పోనీ ఇది నడుముకి కట్టుకుని వెళ్ళు."

"నేనేమన్నా మేకనా? అవతల పెట్టు."

నా చెయ్యి పట్టుకుంది. మెడకి చుట్టుకున్న రుమాలు నోటి మీదకి వచ్చింది, దాని వెనక ఏదో చెప్పింది, నేను చెయ్యి విదిలించుకుని వెళ్ళిపోయాను.

పదకొండు స్తంభాలు భేషుగ్గా జరిగింది. నేను వెళ్ళడం, స్తంభం దొరకడం, ఈల వేయడం, దాంకా మబ్బులోంచి రావడం. ఒక్కసారి కూడా వెనక్కి వెళ్ళవలసిన అవసరం రాలేదు. చూశావా అన్నట్టు దాని వైపు చూశాను కూడా.

పన్నెండోది దొరకలేదు. శీతాకాలం గాలికి పడిపోయి ఉంటుంది. అరవై అడుగులు వేశాను, ఎనభై వేశాను. ఆగాను. ఇప్పుడు వినాలి. నిలబడి విన్నాను.

ఏమీ లేదు.

పిలవడం మానేసింది, అలిసిపోయి కూర్చుని ఉంటుంది అనుకున్నాను. తిట్టుకున్నాను. మూడుసార్లు ఈల వేశాను. విని తనే వస్తుందిలే అని పక్కనే చదునుగా ఒక బండ కనపడితే దాని మీద కూర్చున్నాను. పన్నెండు కావడానికి ఇరవై నిమిషాలుంది. ఆకలి వేసింది. రొట్టె తీశాను, తెల్ల జున్ను తీశాను, టమాటా నాలుగు ముక్కలు కోసి ఉప్పు అద్దుకుని తిన్నాను. మంచి టమాటా. చుట్టూ తెల్లగా, వెచ్చగా ఉంది. నాకేం భయం వేయలేదు. ఒళ్ళు కాస్త వాల్చాను కూడా. నిజం చెప్పాలంటే హాయిగా ఉంది.

ఆ హాయిని రాయకుండా ఉండలేను. దాంకా ఆ సమయంలో ఏం చేస్తోందో రాసేటప్పుడు అది పక్కనే ఉండాలి.

అది పిలవడం మానలేదు. నేను వెళ్ళినప్పటి నుంచి ఒక్క నిమిషం మానలేదు. నా ఈల విని, నేను వెనక్కి రాకపోయేసరికి, స్తంభం వదిలి ఈల వచ్చిన వైపు నడిచింది. మధ్యలో మబ్బు ఒక్క క్షణం చిరిగింది. నా ఎర్ర కోటు కనపడింది. నేను కూర్చున్న బండ ఉత్తరం వైపు గాలిలోకి పొడుచుకుని ఉందట. దాని కింద ఏమీ లేదట. దాంకా పరుగెత్తింది. రెండు రాళ్ళ మధ్య కాలు ఇరుక్కుని పడింది. మబ్బు మళ్ళీ మూసుకుంది. లేవలేకపోయింది. నాకు ముప్పై అడుగుల దూరంలో పడుకుని పిలిచింది.

"అక్కా, కదలకు! లేవకు అక్కా, అటు వెళ్ళకు!"

రాళ్ళు విసిరిందట. ఒకటి కూడా నా దాకా రాలేదు.

నేను తిన్నాను. ముక్కలు దులుపుకున్నాను. కత్తి తుడిచి మడిచాను. లేచి సంచి తగిలించుకున్నాను. స్తంభం ముందే ఎక్కడో ఉండి ఉంటుంది, ఇంకో నాలుగడుగులు వేసి చూద్దాం అనుకున్నాను. కుడివైపు ఎవరో దుప్పటి లాగినట్టు మబ్బు తొలగింది. దాంకా నేల మీద ఉంది. టోపీ లేదు, జుట్టంతా తడిసి మొహానికి అతుక్కుంది. నోరు తెరిచి ఉంది, మూసుకుంటోంది, తెరుచుకుంటోంది. శబ్దం ఏమీ లేదు. కానీ నేను చదివాను. ఆరు మగ్గాల అవతల నుంచి చదివినట్టే చదివాను. కదలకు.

ఒక కాలు ఎత్తి ఉన్నాను. కిందికి చూశాను. కాకులు ఎగురుతున్నాయి. నాకు వాటి వీపులు కనపడ్డాయి.

కాలు వెనక్కి పెట్టాను. తర్వాత కూర్చుండిపోయాను, తర్వాత చేతుల మీద పాకుతూ దాని దగ్గరికి వెళ్ళాను. దాంకా నన్ను పట్టుకుని భుజం మీద కొట్టింది, మళ్ళీ కొట్టింది. గొంతు పూర్తిగా పోయింది. పెదవులు మాత్రమే కదులుతున్నాయి. విచిత్రం ఏమిటంటే పన్నెండు రోజుల్లో మొదటిసారి దాని ప్రతి మాటా నాకు పూర్తిగా అర్థమైంది.

"ఎంతసేపు పిలిచానో తెలుసా?" అంది.

"ఇప్పుడే కదా."

చేతి గడియారం నా మొహం ముందు పెట్టింది. "గంటా ఐదు నిమిషాలు."

"గాలి" అన్నాను. "ఈ గాలిలో ఎలా తెలుస్తుంది?"

దాంకా నా వైపే చూసింది. తడిసిన గడ్డి ఒక్క పోచ కూడా ఊగడం లేదు.

"గాలి లేదక్కా" అంది.

తాడు తీసి దాని నడుముకొక కొస, నా నడుముకొక కొస కట్టాను. దాని సంచి ముందు, నాది వెనక. అది రెండు కర్రల మీద ఆనుకుని, ఒక్కో అడుగుకీ మొహం ముడుచుకుని, కుంటింది. పన్నెండో స్తంభం నిజంగానే పడిపోయి గడ్డిలో ఉంది, దాని మీదుగానే నడిచి వెళ్ళిపోయాను నేను. పదమూడోది దాని చేత వెతికించలేను కాబట్టి తాడు పొడవు ఎంతుంటే అంత వెళ్ళి, రెండు గుంజులు గుంజి, వెనక్కి వచ్చి, మళ్ళీ వెళ్ళి, అలా. నాలుగు కిలోమీటర్లకి ఐదు గంటలు పట్టింది. దిగుడులో రెండుసార్లు ఏడ్చింది. ఒకసారి నేను ఏడ్చాను, అది చూడలేదు.

సత్రం ముందు రూస్కో అన్న గంట తాడు పట్టుకుని నిలబడి ఉన్నాడు. చేతికి గుడ్డ చుట్టుకున్నాడు, అరచేయి ఒరుసుకుపోయింది. దాంకాని ఎత్తుకుని లోపలికి తీసుకెళ్ళి బెంచీ మీద పడుకోబెట్టాడు. బూటు రాలేదు, కత్తితో కోసి తీశాడు. చీలమండ వంకాయ రంగులో ఉంది. కింది అడవి దారికి ఎల్లుండి జీపు వస్తుందట, దాంట్లో ఆస్పత్రికి.

కట్టు కడుతూ ఆయన నా వైపు తల ఎత్తాడు. "పన్నెండింటి నుంచి కొడుతూనే ఉన్నాను నేదా. పైకి వినబడిందా?"

ఆయన అడిగింది నన్ను. నోరు తెరిచాను. ఏం చెప్పబోయానో ఇప్పటికీ తెలియదు. ఈలోగా దాంకా బెంచీ మీద మోచేతి మీద లేచి, మొహం నా వైపు తిప్పి, ఆ పోయిన గొంతుతోనే చెప్పింది.

"వినబడింది రూస్కో అన్నా. దాన్ని పట్టుకునే వచ్చాం."

నేను మా బల్గేరియా అలవాటు ప్రకారం అవునన్నట్టు తల అడ్డంగా ఊపాను.

"అదీ సంగతి! అందుకే దీన్ని ఎప్పుడూ మానలేదు నేను" అని ఆయన పొంగిపోయాడు. ఇవాళ పొద్దున కాఫీ తాగుతూ ఉత్తరం రాసిచ్చాడు. నేదా లాంటి మనిషి సంఘానికి దొరకడం అదృష్టం అని రాశాడు. జేబులో ఉంది. రెండుసార్లు తీసి చదువుకున్నాను.

సాయంత్రం

దాంకా లేచింది. మంచం పక్కన కూర్చున్నాను.

"ఎందుకలా చెప్పావే?"

"నీకు సత్రం కావాలిగా."

"నీకెప్పటి నుంచి తెలుసు?"

వేళ్ళు ఎత్తింది. తొమ్మిది. తొమ్మిదేళ్ళు.

"మరి నా మొహాన చెప్పి ఏడవచ్చుగా!"

"చెబితే ఒప్పుకునేదానివా? నన్ను నాలుగు తిట్టి, నాతో నడవడం మానేసేదానివి. ఒక్కదానివే వెళ్ళేదానివి. నాకు తెలియదా నీ సంగతి?"

తిట్టాలనిపించింది. అది చెప్పింది నిజం కాబట్టి ఇంకా తిట్టాలనిపించింది. దాని కాలు కింద దిండు సరిచేశాను.

శీతాకాలంలో పైకి వచ్చేవాళ్ళు తక్కువే. పొగమంచు రోజులు మరీ ఎక్కువేం ఉండవు. తలుపు తీసి ఉంచితే సరిపోతుంది. లాంతరు బయట వేలాడదీయవచ్చు. కుక్కని పెంచవచ్చు.

కుక్కని పెంచవచ్చు.

ఆగస్టు 18

ఆకాశం శుభ్రంగా కడిగినట్టు ఉంది. గాలి లేదు. దాన్ని ప్రత్యేకంగా చూసుకున్నాను.

రూస్కో అన్నతో, "గంట ఎంత దూరం వెళ్తుందో చూడాలి, కొడుతూ ఉండు" అన్నాను. ఆయనకి సరదా వేసింది. "కొత్త కాపరి పరీక్షలు పెడుతోంది!" అని తాడు అందుకున్నాడు.

ఊట వైపు నడిచాను. ఇరవై అడుగులు, ఉంది. నలభై, ఉంది. అరవై దగ్గర కూడా ఉందనిపించింది, కానీ నేను ఆయన చేతినే చూస్తున్నాను. ఆ చూపుతోనే కదా ఇన్నేళ్ళూ నన్ను నేను నమ్మించుకున్నది. వెనక్కి తిరిగాను, కొండ వైపు. కళ్ళు మూసుకున్నాను. యాభై దాకా లెక్కపెట్టాను.

తిరిగి చూస్తే తాడు ఊగుతోంది. గంట ఊగుతోంది. రూస్కో అన్న నవ్వుతూ బలంగా గుంజుతున్నాడు. పక్కన మేస్తున్న గాడిద ఆ మోతకి చెవులు వెనక్కి పెట్టుకుని దూరంగా జరిగింది. నాకు మాత్రం ఏమీ లేదు. అరవై అడుగులు.

అక్కడే రాయి మీద చాలాసేపు కూర్చున్నాను. ఆ వంటగది, ఎదర గది, మూల మంచం, అన్నీ ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. ఇంకా నావి కూడా కాలేదు, అయినా వాటిని వదలడం కష్టంగా ఉంది. ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. మగ్గాల మీద వచ్చింది, ఫోర్‌మన్ మీద వచ్చింది, చెవుల్లో పెట్టుకోవడానికి ఇచ్చిన దూదిని పక్కన పారేసి పందెం వేసుకుని నవ్విన ఇరవై ఏళ్ళ నేదా మీద వచ్చింది.

లోపలికి వచ్చి కాగితం అడిగాను. రాశాను.

"సంఘం అధ్యక్షులు గారికి. వెత్రెన్ సత్రానికి నేను పెట్టుకున్న దరఖాస్తు వెనక్కి తీసుకుంటున్నాను. రూస్కో గారు నాకిచ్చిన ఉత్తరం చెల్లదు, ఆయనకి నేను నిజం చెప్పలేదు. నాకు వినపడదు. నేదా స్తొయిలొవా."

ఆ మూడో ముక్క రాయడానికి పట్టినంతసేపు మొదటి రెంటికీ పట్టలేదు.

రూస్కో అన్న కళ్ళజోడు పెట్టుకుని చదివాడు. మళ్ళీ చదివాడు. బల్లకి అవతల కూర్చుని నా మొహంలోకి చూశాడు.

"ఇది పంపితే సత్రం నీకు రాదు."

"తెలుసు."

"నా ఉత్తరం నీ దగ్గరే ఉంది. ఇది చదవలేదనుకోమంటే అనుకుంటాను. శీతాకాలంలో గట్టు మీద పిలిచేవాళ్ళు ఎంతమంది? ఏడాదికి ఒకళ్ళు, ఇద్దరు."

ఆశ పుట్టింది. పుట్టలేదని రాస్తే మళ్ళీ అబద్ధం అవుతుంది.

"మొన్న ఒక మనిషి గంటా ఐదు నిమిషాలు పిలిచింది అన్నా" అన్నాను. "ముప్పై అడుగుల దూరంలో. కాలు విరగ్గొట్టుకుని, గొంతు పోయేదాకా పిలిచింది. నేను టమాటాకి ఉప్పు అద్దుకుని తింటూ కూర్చున్నాను."

ఆయన కళ్ళజోడు తీశాడు. తన ఉత్తరం ఇమ్మని చెయ్యి చాపాడు, ఇచ్చాను, మడిచి పొయ్యిలో వేశాడు. నా కాగితం కవరులో పెట్టాడు. తర్వాత లేచి అటు తిరిగి, పొయ్యి దగ్గర వంగి, ఏదో అన్నాడు. ఆయన భుజాలు కదిలాయి కాబట్టి ఏదో అన్నాడని తెలిసింది.

మామూలుగా అయితే నవ్వేసేదాన్ని. లేదా తల ఊపేసేదాన్ని. లేదా ఆ నోట్లో ముద్దేమిటి అని కసిరేదాన్ని.

"ఇటు తిరిగి చెప్పు రూస్కో అన్నా" అన్నాను. "నాకు వినపడదు."

ఆయన తిరిగాడు. చేతిలో గిన్నె ఉంది.

"కాఫీ పెట్టమంటావా అంటున్నాను" అన్నాడు.

పెట్టమన్నాను.